తోక దొరికితే మాట దొరుకుతుంది

ప్రశ్న: నమస్కారం మేడం. మాది ఆదోని. ఇంట్లో కుట్టుమిషన్ పని చేసుకుంటాను. పాప తొమ్మిదో తరగతి. ప్రతి శనివారం వాళ్ల ఇంగ్లీషు సారు బోర్డు మీద నాలుగైదు అక్షరాలు రాసి, అవన్నీ ఉండేలా వీలైనంత పొడవైన మాట రాయమంటారు. వేరే అక్షరాలు ఎన్నయినా కలుపుకోవచ్చు. టైము పది నిమిషాలు. పోయిన వారం పి, బి, వై, ఎన్ ఇచ్చారట. మా పాప 'ప్రాబబ్లీ' రాసింది. అందులో ఎన్ లేదని కొట్టేశారు. ఇంకో పిల్ల 'రెస్పాన్సిబిలిటీ' రాసి గెలిచింది. "ఆ మాట నాకూ తెలుసమ్మా, ఎందుకు గుర్తు రాలేదు" అని రాత్రి ఒకటే ఏడుపు. ఇప్పుడు డిక్షనరీ మొదటి పేజీ నుంచి బట్టీ పడతానంటోంది. నేను పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఇంగ్లీషులో అక్షరాలు తప్ప ఏమీ రావు. నేనెలా సాయం చేయాలి? ఫోన్లో వెతికి ఇవ్వొచ్చా?

జవాబు:

అమ్మా,

ముందు ఆ డిక్షనరీ బట్టీ ఆపించండి. పాప 'సి' దాకా వచ్చేసరికి 'ఎ'లో చదివింది మరిచిపోతుంది. పైగా ఆ కష్టం ఈ ఆటకు అక్కరకు రాదు.

మీ ఉత్తరంలో "ఆ మాట నాకూ తెలుసమ్మా" అన్న చోట నేను చాలాసేపు ఆగిపోయాను. అసలు సంగతి అక్కడే ఉంది. మాటలు రాక పాప ఓడిపోలేదు. వచ్చిన మాటను సమయానికి బయటికి తీసే దారి తెలియలేదు, అంతే. అంత్యాక్షరి ఆడేటప్పుడు 'ప' వచ్చిందంటే పాటలు వరసగా నోటికొస్తాయి కదా. అదే, 'నడుమ ఎక్కడో డ ఉండాలి, చివర త ఉండాలి, ఒక మాట చెప్పు' అంటే మన తెలుగులో కూడా తడుముకుంటాం. మాటలు మనకు మొదటి అక్షరాన్ని బట్టి గుర్తొస్తాయి, చెవిన పడిన తీరును బట్టి గుర్తొస్తాయి. కడుపులో ఏ అక్షరం ఉందన్నదాన్ని బట్టి అంత తేలిగ్గా రావు. పాప పి చూసింది, పి తో మొదలయ్యే మాట వెతుక్కుంది, 'ప్రాబబ్లీ' దొరికింది. బి, వై కూడా అందులో ఉన్నాయన్న సంతోషంలో ఎన్ సంగతి మరిచిపోయింది. 'రెస్పాన్సిబిలిటీ'లో పి నాలుగో అక్షరం, బి తొమ్మిదోది. పి దగ్గర మొదలుపెట్టి వెతికితే అది ఎప్పటికీ తగలదు.

అందుకే మాటను మొదటి నుంచి కాకుండా చివరి నుంచి పట్టుకోవాలి.

ఇంగ్లీషులో పొడవైన మాటల్లో చాలావాటికి ఒక తోక ఉంటుంది. మళ్లీ మళ్లీ కనిపించే తోకలు ఇరవై, పాతికకు మించవు. పాపకు ఇచ్చిన అక్షరాలనే మళ్లీ తీసుకుందాం. పి, బి, వై, ఎన్. వై చివర్లో రావడం మామూలు. దానికి దగ్గర్లో బి కూడా ఉండే తోకలేమిటి? ఒకటి 'బ్లీ', అంటే బి-ఎల్-వై. ఇంకోటి 'బిలిటీ', బి-ఐ-ఎల్-ఐ-టి-వై. రెండోది పొడవు, దాన్నే ఉంచుకుందాం. ఇంకా మాటే తట్టలేదు, అప్పుడే ఆరు అక్షరాలు చేతికొచ్చాయి. మిగిలినవి పి, ఎన్ మాత్రమే. ఆ రెండూ ఉండి, 'బిలిటీ' ముందు ఒదిగే మాట ఏదని అడిగితే వెతకాల్సిన చోటు ఎంత చిన్నదైపోయిందో చూడండి. రెస్పాన్స్! పద్నాలుగు అక్షరాల మాట తయారైంది. ఇంకో అడుగు వేద్దాం. ముందు 'ఇర్' తగిలిస్తే 'ఇర్రెస్పాన్సిబిలిటీ'. పదహారు అక్షరాలు. గెలిచిన పిల్ల మాటకన్నా రెండు ఎక్కువ. అర్థం మన 'బాధ్యతారాహిత్యం'. మనం 'లేదు' అన్న సంగతిని 'రాహిత్యం' అని చివర చేర్చాం, వాళ్లు 'ఇర్' అని మొదట చేర్చారు.

ఈ పద్ధతి నాకు ఎలా తెలిసిందో చెబుతాను. నేను జమ్మలమడుగు పక్కన పల్లెలో పదో తరగతి దాకా తెలుగులో చదువుకుని ఇంటర్‌కు కడప వచ్చాను. మొదటి నెలలోనే ఒకరోజు లెక్చరర్ నన్ను లేపి ఇంగ్లీషు పాఠం గట్టిగా చదవమన్నారు. రెండు లైన్లు బాగానే చదివాను. మూడో లైనులో ఒక మాట, సగం లైను దాకా పరుచుకుని ఉంది. 'ఇన్‌స్టిట్యూషనలైజేషన్'. 'ఇన్' దగ్గరే ఆగిపోయాను. వెనక బెంచీల్లో నవ్వులు. కూర్చోమన్నారు, కూర్చున్నాను. ఆ పూట అన్నం తినబుద్ధి కాలేదు. సాయంత్రం హాస్టల్లో మా గదిలో ఉండే సీనియర్ అక్క పుస్తకం అందుకుని, పెన్సిలుతో ఆ మాట మీద నాలుగు నిలువు గీతలు గీసింది. "మొదటి ముక్క చూడు. ఇన్‌స్టిట్యూట్. తెలుసా?" అంది. "తెలుసు, టైపు ఇన్‌స్టిట్యూట్" అన్నాను. "అంతే. దాని చివరి ఇ పోయి ఐ-ఓ-ఎన్ చేరింది, ఆ తర్వాత ఎ-ఎల్, ఆ తర్వాత ఐజ్, ఆఖర్న ఏషన్. నీకు రాని ముక్క ఏముంది ఇందులో?" అని అడిగింది. ఏదీ లేదు. ఇరవై అక్షరాల మాట, అన్నీ తెలిసిన ముక్కలే. ఆ గీతలున్న పుస్తకం ఇప్పటికీ కర్నూల్లో మా ఇంట్లో ఉంది. తర్వాత ముప్పై ఏళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పాను కానీ, అంతకు మించిన పాఠం నేను ఏ పిల్లకూ చెప్పలేదు.

తోక నుంచి వెతకడం కొత్త ఆలోచనేమీ కాదు. ఇంగ్లండులో జాన్ వాకర్ అనే ఆయన 1775లోనే చివరి అక్షరం నుంచి వెనక్కి లెక్కపెట్టి మాటలను వరసగా పేర్చి ఒక నిఘంటువు వేశాడు. ప్రాస కోసం వెతుక్కునే కవులకు అది ఉపయోగపడింది. మనవాళ్లు అంత్యప్రాస కోసం పడే తంటాలే అక్కడా.

ఇక మీ సంగతి. 'ఇంగ్లీషులో అక్షరాలు తప్ప ఏమీ రావు' అని రాశారు. ఈ ఆటకు అక్షరాలు వస్తే చాలు. పదో తరగతి వరకు తెలుగు మీడియం అంటే మీరు సంధులు చదివే ఉంటారు. 'విడదీసి రాయండి' అన్న ప్రశ్నకు ఎన్ని మార్కులు తెచ్చుకున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. పాపకు ఇప్పుడు కావలసింది సరిగ్గా ఆ విద్యే.

సత్ + జనుడు = సజ్జనుడు. పక్కన జ వచ్చేసరికి త్ కాస్తా జ్ అయిపోయింది, శ్చుత్వసంధి. ఇంగ్లీషులో 'ఇన్' అనే ముక్కకు 'కాదు' అని అర్థం. అది ఆర్ ముందు 'ఇర్' అవుతుంది, ఎల్ ముందు 'ఇల్' అవుతుంది, పి ముందు, ఎం ముందు 'ఇమ్' అవుతుంది. ఇర్రెగ్యులర్, ఇల్లీగల్, ఇంపాజిబుల్ అలా వచ్చినవే. ఇలా కలిసిన చోట ఆర్ అయినా ఎల్ అయినా రెండుసార్లు రాయాలి, పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది అక్కడే. రాముడు + అతడు = రాముడతడు అన్నప్పుడు ఉకారం పోయినట్టే, 'యూజ్' చివర ఉన్న ఇ అనే అక్షరం 'ఏబుల్' వచ్చి చేరేసరికి పోతుంది. 'హ్యాపీ' చివరి వై 'నెస్' ముందు ఐ గా మారుతుంది. మీరు పలక మీద తెలుగు సంధి ఒకటి విడదీసి చూపించండి, పాప దాని పక్కనే ఇంగ్లీషు మాట ఒకటి విడదీసి చూపిస్తుంది. అమ్మకు ఏమీ రాదన్న దిగులు ఇద్దరికీ పోతుంది.

ఉపసర్గలు కూడా అంతే. 'హార' అనే ముక్క ఒక్కటే. ముందు 'ఆ' పెడితే ఆహారం, 'వి' పెడితే విహారం, 'సం' పెడితే సంహారం, 'పరి' పెడితే పరిహారం. ముందున్న చిన్న ముక్క అర్థాన్ని ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకుపోయిందో! ఇంగ్లీషులో 'పోర్ట్' అలాంటిదే. లాటిన్ భాషలో మోయడం, మోసుకుపోవడం అని దాని అర్థం. ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, రిపోర్ట్, సపోర్ట్, ట్రాన్స్‌పోర్ట్. మీ ఊళ్లో పత్తి బేళ్లు ఎక్కించుకుపోయే లారీ ఆఫీసుల బోర్డుల మీద ఆ చివరి మాట కనిపిస్తుంది. దానికి 'ఏషన్' తోక కట్టండి, ట్రాన్స్‌పోర్టేషన్, పద్నాలుగు అక్షరాలు. రేపు సారు పి, ఎస్, ఎన్, టి ఇచ్చారనుకోండి, పాప దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.

అన్ని అక్షరాలకూ ఒకే విలువ ఉండదన్నది పాపకు బాగా తెలియాలి. అక్షరాల బిళ్లలతో మాటలు పేర్చే స్క్రాబుల్ అనే ఆట తయారుచేసిన ఆల్ఫ్రెడ్ బట్స్ అమెరికాలో ఆర్కిటెక్టు. 1930ల్లో ఆయన పత్రికల పేజీలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టాడు. అందుకే ఆ ఆటలో ఉన్న 100 బిళ్లల్లో ఇ అక్షరానివి 12, ఎ, ఐ లవి తొమ్మిదేసి. జె, కె, క్యూ, ఎక్స్, జడ్ ఒక్కొక్కటే. దీన్నిబట్టి పాప చేయాల్సిందేమిటంటే, బోర్డు మీద ఇ, ఎ, ఐ, ఎన్, టి లాంటివి కనిపిస్తే వాటి గురించి టెన్షన్ పడకూడదు. పొడవైన మాటలో అవి చాలావరకు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. అరుదైన అక్షరం ఏదో చూసి ముందు దాన్ని పట్టుకోవాలి. అది ఎక్కడ కూర్చుంటుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. క్యూ వచ్చిందంటే దాని వెనకే యు ఉంటుందని దాదాపు ఖాయం. 'క్వశ్చన్' తీసుకుని ముందు 'అన్', వెనక 'ఏబ్లీ' పెడితే అన్‌క్వశ్చనబ్లీ, పద్నాలుగు అక్షరాలు, అయిదు అచ్చులూ అందులోనే ఉన్నాయి. ఎక్స్ ఎక్కువగా మొదట్లో ఇ-ఎక్స్ అనే ముక్కలోనే ఉంటుంది. ఎక్స్‌పెరిమెంట్‌కు 'ఏషన్' కడితే పదిహేను. జె వస్తే 'జెక్ట్' గుర్తు చేసుకోవాలి. అబ్జెక్ట్, అబ్జెక్షన్, అబ్జెక్షనబుల్, ఇలా పదమూడు దాకా పెంచుకోవచ్చు. జడ్ వస్తే 'ఐజేషన్' తోక. మన పాఠ్యపుస్తకాల్లో 'ఆర్గనైజేషన్' లాంటి మాటలు ఎస్ తో రాసి ఉండొచ్చు. జడ్ తో రాసినా తప్పు కాదు, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు జడ్ తోనే రాస్తారు. సారుకు ఏది సమ్మతమో పాపను ముందే అడిగి పెట్టుకోమనండి.

ఇప్పుడు ఇంట్లో చేయగలిగిన పని. బీరువాలోనో అటక మీదో పాత పెళ్లి పత్రికలు ఉంటాయి కదా, వాటి వెనక వైపు ఖాళీ అట్ట ఉంటుంది. మీ కత్తెరతో వాటిని రెండు వేళ్ల వెడల్పు చీటీలుగా కత్తిరించండి. కొన్నిటి మీద పాప ఎర్ర పెన్నుతో తోకలు రాస్తుంది, టి-ఐ-ఓ-ఎన్, ఎం-ఇ-ఎన్-టి, ఎ-బి-ఎల్-ఇ, ఎన్-ఇ-ఎస్-ఎస్, ఓ-యు-ఎస్, ఐ-వి-ఇ ఇలా. కొన్నిటి మీద నీలం పెన్నుతో తలలు, యు-ఎన్, ఆర్-ఇ, డి-ఐ-ఎస్, ఐ-ఎన్-టి-ఇ-ఆర్. మిగతావి ఖాళీగా ఉంచండి, వాటి మీద నడిమి మాటలు రోజుకు నాలుగైదు చేరుతుంటాయి. అన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో వేసి పెట్టండి. మీరు మిషన్ మీద ఉన్నప్పుడు పాప పక్కన నేల మీద చీటీలు పరిచి ఒకదానికొకటి ఆనించి చూస్తుంది. చేతితో జరిపి చూసినప్పుడు మాట గుర్తుండే తీరే వేరు. జాకెట్టుకు చేతులు, మెడ, ముందుభాగం, వీపు విడివిడిగా కత్తిరించి తర్వాత కలిపి కుట్టే మీకు నేను ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఒక జాగ్రత్త. చీటీలు అతికినంత మాత్రాన మాట అయిపోదు. 'డిస్' ముందు పెట్టి, 'నెస్' వెనక పెట్టి ఏదో ఒకటి తయారుచేసి మురిసిపోతారు పిల్లలు. అలా వచ్చినదాన్ని డిక్షనరీలో చూసుకోవాలి. డిక్షనరీ అవసరం అక్కడుంది, బట్టీ పట్టడానికి కాదు. ఇంట్లో లేకపోతే లైబ్రరీకి వెళ్లి చూసుకోవచ్చు.

ఆ నడిమి మాటలు ఎక్కడి నుంచి తేవాలని అడుగుతారేమో. మీ నోట్లోనే ఉన్నాయి. మీరు రోజూ అనే మాటలు చూడండి. కరెంటు పోతే ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంటారు, అది పదకొండు అక్షరాలు. బిల్లు మీద ఎలక్ట్రిసిటీ, అదీ పదకొండే. స్థలం కొంటే రిజిస్ట్రేషన్, పన్నెండు. ఆఫీసులో సూపరింటెండెంట్ ఉన్నారా అని అడుగుతాం, పద్నాలుగు. గవర్నమెంట్ అని దినానికి ఎన్నిసార్లు అంటామో లెక్కే లేదు, పది అక్షరాలు. కూరగాయల్లో కాలీఫ్లవర్ ఉందే, అందులో అయిదు అచ్చులూ ఉన్నాయి. 'ఎడ్యుకేషన్'లో కూడా అయిదూ ఉన్నాయి. ఇంగ్లీషు రాదనుకునే మన ఇళ్లలో ఇన్ని పొడవైన మాటలు తిరుగుతున్నాయి. కాకపోతే చెవికి తెలిసినంతగా కంటికి తెలియవు. మనం 'గవర్మెంట్' అంటాం కాబట్టి ఎం ముందున్న ఎన్ మనకు వినిపించదు, పరీక్షలో అదే ఎగిరిపోతుంది. కర్నూలు బస్సెక్కినప్పుడు కిటికీ పక్కన కూర్చోబెట్టి బోర్డుల మీద మాటలు రాసుకోమనండి. వినికిడి మాటకు అక్షరాలు తోడవుతాయి.

క్లాసులో ఆ పది నిమిషాలు ఎలా వాడుకోవాలన్నది కూడా ముఖ్యమే. మొదటి రెండు నిమిషాల్లో చిన్నదైనా సరే, అక్షరాలన్నీ ఉన్న మాట ఒకటి రాసి పెట్టుకోవాలి. చేతిలో ఒకటి ఉందంటే భయం తగ్గుతుంది. తర్వాత దాన్నే సాగదీయాలి. జి, వి, ఎన్ ఇచ్చారనుకుందాం. ముందు 'గవర్న్', ఆరు. 'మెంట్' కడితే పది. చివర ఎ-ఎల్ చేరిస్తే పన్నెండు. ముందు 'ఇంటర్' పెడితే ఇంటర్‌గవర్నమెంటల్, పదిహేడు. ఒకే మాట మూడుసార్లు పెరిగింది, కొత్తగా ఏదీ వెతకలేదు.

ఇక అతి ముఖ్యమైన పని మీది. ఇంట్లో జడ్జి మీరే. పాప రాసిన మాట కాగితం మీద ఉంటుంది, ఇచ్చిన అక్షరాలు పక్కన ఉంటాయి. మీరు ఒక్కో అక్షరం పైకి చదువుతూ మాటలో అది దొరికిన చోట సున్నా చుట్టండి. అన్నిటికీ సున్నాలు పడితేనే పాసు. అర్థం తెలియనక్కర్లేదు, పలకడం రానక్కర్లేదు. నిజానికి ఈ పనికి ఆ మాట తెలియనివాళ్లే మేలు. తెలిసినవాళ్ల కన్ను మాట మొత్తాన్ని ఒక్కసారిగా చదివేస్తుంది, లేని అక్షరాన్ని కూడా ఉన్నట్టే చూస్తుంది. 'ప్రాబబ్లీ'లో ఎన్ లేదన్నది పాప కంటికి అలాగే తప్పిపోయింది. మీ చేతికి వచ్చి ఉంటే ఎన్ దగ్గర మీ పెన్ను ఆగిపోయేది. ఒకే అక్షరం రెండుసార్లు ఇస్తే మాటలోనూ రెండుసార్లు ఉండాలా అన్నది సారును ముందే అడిగి తెలుసుకోమనండి. ఉండాలంటే మీరు రెండు సున్నాలు చుట్టాలి.

ఫోన్ సంగతి అడిగారు. అక్షరాలు కొడితే మాటలు చూపించేవి ఉన్నాయి, నిజమే. పది నిమిషాలు పాప సొంతంగా వెతికాక, జడ్జిగా మీరు సున్నాలు చుట్టాక, అప్పుడు ఫోన్ తీయండి. ముందే తీస్తే ఆ ఆటలో పాపకు పనే ఉండదు. ఫోన్ చూపించిన మాటల్లో ఒక్కదాన్ని, పాప ఎప్పుడో విన్నదాన్ని, ఏరుకుని పెన్సిలుతో ముక్కలుగా గీతలు గీయమనండి. కొత్త ముక్క ఏదైనా ఉంటే డబ్బాలో ఒక చీటీ చేరుతుంది. మిగతా జాబితా వదిలేయండి.

ఫోన్ చేతికొచ్చాక పిల్లలు తప్పకుండా 'అన్నిటికన్నా పొడవైన మాట ఏది' అని వెతుకుతారు. 45 అక్షరాల మాట ఒకటి కనిపిస్తుంది, న్యుమోనో-అల్ట్రా-మైక్రోస్కోపిక్-సిలికో-వోల్కానో-కోనియోసిస్. ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉంది. అమెరికాలో పదాల పజిళ్లు కట్టే ఒక సంఘం అధ్యక్షుడు 1935లో దాన్ని కావాలనే పొడుగ్గా అల్లాడు. అది చూసి పాప బెదిరిపోతే వెంటనే గీతలు గీయించండి. న్యుమోనో అంటే ఊపిరితిత్తులు, అల్ట్రా మైక్రోస్కోపిక్ అంటే మైక్రోస్కోపుకు కూడా అందనంత సన్నం, సిలికో అంటే రాతిలో ఉండే సిలికా, వోల్కానో అగ్నిపర్వతం, కోనియోసిస్ దుమ్ము వల్ల వచ్చే జబ్బు. మాట సరదాకు అల్లిందే అయినా జబ్బు మాత్రం నిజం. రాళ్లు కొట్టే చోట, క్రషర్ల దగ్గర పనిచేసేవాళ్లకు సిలికా దుమ్ముతో వచ్చే సిలికోసిస్ అదే కోవది.

పాపతో ఇంకో మాట కూడా చెప్పండి. ఆ పిల్ల గెలిచింది కదా, దానితో స్నేహం చేసుకోమనండి. ఒకరి డబ్బాలో లేని చీటీలు ఇంకొకరి డబ్బాలో ఉంటాయి.

ఈ శనివారం లోపల ఇంట్లో ఆడుకోవడానికి అక్షరాలు నేనే ఇస్తున్నాను. ఎం, పి, సి, వై. పన్నెండు అక్షరాల జవాబు ఒకటి మీ ఇంట్లోనే ఉంది, ఇంటిపన్ను రసీదు మీద. అది మీరు ముందే తీసి చూసి దాచిపెట్టండి, పాపకు చెప్పకండి. తోక వై దగ్గర మొదలుపెట్టమని మాత్రం చెప్పండి. పది నిమిషాలయ్యాక రసీదు, పాప కాగితం పక్కపక్కన పెట్టి మీ చేత్తో సున్నాలు చుట్టండి. రసీదు మీదున్న దానికన్నా పొడవైన మాట పాప రాస్తే అది నాకు రాసి పంపండి.